గాయపడిన పసిమనసులకు బడి ఎంత ఆసరా? ఆ సంరక్షణను కొలిచేదెలా?

ఇంట్లో నిత్యం హింసను చూస్తూ పెరిగే పిల్లలు, తల్లినో తండ్రినో హఠాత్తుగా పోగొట్టుకున్నవారు, లైంగిక వేధింపులకు గురైనవారు, వరదలోనో తుపానులోనో ఇల్లూ వాకిలీ కోల్పోయినవారు దాదాపు ప్రతి బడిలోనూ ఉంటారనీ, ఆ అనుభవాలు వారి చదువునూ నడతనూ చాలాకాలం వెంటాడగలవనీ మానసిక వైద్యులు, విద్యావేత్తలు చెబుతున్నారు. అలాంటి అనుభవం మనసు మీద వేసే లోతైన దెబ్బను ట్రామా అంటారు. ఆ దెబ్బ తిన్న పిల్లలు తన తరగతుల్లో ఉన్నారన్న ఎరుకతో బడి తన క్రమశిక్షణ నియమాలనూ, బోధన పద్ధతినీ, ఉపాధ్యాయుల మాటతీరునూ మార్చుకోవడాన్ని ట్రామా ఇన్ఫార్మ్‌డ్ కేర్, అంటే మానసిక గాయాల ఎరుకతో కూడిన సంరక్షణ అని వ్యవహరిస్తున్నారు. గత రెండు దశాబ్దాలలో అమెరికాలోని అనేక రాష్ట్రాల బడులు ఈ మార్గం పట్టాయి. అయితే ఆ పేరు పెట్టుకున్న బడిలో పిల్లల బాధ నిజంగా తగ్గిందా, తగ్గిందని చెప్పడానికి ఆధారం ఏమిటి అన్న ప్రశ్నలకు జవాబు అంత సులువుగా దొరకడం లేదు.

ఈ ఆలోచనకు బలం చేకూర్చిన అధ్యయనం కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో జరిగింది. కైసర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థకు చెందిన వైద్యుడు విన్సెంట్ ఫెలిట్టి, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంలో పనిచేసిన రాబర్ట్ ఆండా కలిసి 1995 నుంచి 1997 వరకు 17,000 మందికి పైగా పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగి, ఆ జవాబులను వారి ఆరోగ్య వివరాలతో పోల్చి చూశారు. కొట్టడం, లైంగికంగా వేధించడం, పట్టించుకోకపోవడం, ఇంట్లో ఎవరో ఒకరు తాగుడుకో మానసిక వ్యాధికో లోనుకావడం వంటివాటిని వారు బాల్యంలోని ప్రతికూల అనుభవాలుగా లెక్కించారు. 1998లో వెలువడిన తొలి వ్యాసం ప్రకారం, నాలుగు లేదా అంతకు మించిన రకాల అనుభవాలు ఉన్నవారిలో మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాల వాడకం, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు, ఏ అనుభవమూ లేనివారితో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు అధికంగా కనిపించాయి. ఇందులో పాల్గొన్నవారు చాలావరకు ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి వారు కావడం గమనించవలసిన విషయం. పసితనపు గాయాలు పేదవాడల సమస్య మాత్రమేనన్న అపోహను ఈ ఫలితం గట్టిగా దెబ్బతీసింది. తరువాత వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ నగరంలో రెండు వేలకు పైగా ప్రాథమిక పాఠశాల పిల్లలను పరిశీలించినప్పుడు, ఇలాంటి అనుభవాల సంఖ్య పెరిగేకొద్దీ హాజరూ, నడతా, చదువూ మూడూ దెబ్బతింటున్నట్టు తేలింది.

గాయం చదువును ఎలా దెబ్బతీస్తుందో అర్థమైతేనే దేన్ని కొలవాలో అర్థమవుతుంది. ప్రమాదాన్ని పసిగట్టిన మెదడు శరీరాన్ని పోరాటానికో పరుగుకో సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి, ప్రమాదం తొలగిపోగానే ఇవన్నీ సద్దుమణగాలి. పదేపదే భయానికి లోనైన పిల్లల్లో ఈ స్పందన చిన్న కారణానికే చెలరేగి ఒక పట్టాన తగ్గదు కాబట్టి, ఎవరో తలుపు దభాలున వేసినా, ఉపాధ్యాయుడు గొంతు పెంచినా వారి మనసు పాఠం నుంచి తప్పుకొని ప్రాణరక్షణ మీదికి మళ్లుతుంది. ఆ స్థితిలో కొందరు ఎదురుతిరుగుతారు, కొందరు తరగతి నుంచి పారిపోతారు, మరికొందరు నోరు పెగలక బల్ల మీద తల వాల్చేస్తారు. మొదటి రెండు రకాల పిల్లలకు పొగరుబోతులన్న పేరు వస్తుంది, మూడో రకానికి బద్ధకస్తులన్న పేరు వస్తుంది. ఈ మూడో రకం పిల్లలు ఎవరికీ ఇబ్బంది కలిగించరు, ఏ శిక్షల రికార్డులోనూ కనిపించరు. సంరక్షణను కొలిచే ఏ పద్ధతికైనా అసలైన పరీక్ష వీరి దగ్గరే ఎదురవుతుంది.

అమెరికా ప్రభుత్వంలో మానసిక ఆరోగ్య సేవలను చూసే సామ్సా అనే సంస్థ 2014లో ఒక మార్గదర్శక పత్రం వెలువరించి, ఇలాంటి సంరక్షణ అందించే సంస్థ చేయవలసిన పనులు నాలుగని చెప్పింది. గాయాల విస్తృతిని గ్రహించడం మొదటిది, వాటి లక్షణాలను గుర్తుపట్టడం రెండోది, ఆ తెలివిడిని నియమాల్లోనూ ఆచరణలోనూ చూపడం మూడోది, మానుతున్న గాయాన్ని మళ్లీ రేపకుండా జాగ్రత్తపడడం నాలుగోది. భద్రత, నమ్మకం, తోటివారి తోడు, కలిసి పనిచేయడం, తన విషయంలో తానే మాట చెప్పగలిగే అవకాశం, సంస్కృతి, చరిత్ర, లింగభేదాల పట్ల స్పృహ అనే ఆరు సూత్రాలను కూడా అదే పత్రం పేర్కొంది. 2015లో వచ్చిన ఫెడరల్ పాఠశాల విద్యా చట్టం ఈ పద్ధతులను ప్రస్తావించి, నిధులు వాడుకోవడానికి దారి తెరిచింది. సూత్రాలు ఉదాత్తమైనవే. అయితే భద్రత, నమ్మకం వంటి మాటలను ఒక బడిలో ఎక్కడ వెతకాలో, ఎంత ఉంటే ఉన్నట్టో ఆ పత్రం చెప్పలేదు. ఆ పని పరిశోధకుల మీద పడింది.

పరిశోధకులు ఎక్కువగా ఎంచుకున్న తోవ ఉపాధ్యాయుల వైఖరిని కొలవడం. టులేన్ విశ్వవిద్యాలయానికి చెందిన కోర్ట్నీ బేకర్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన ఆర్టిక్ అనే ప్రశ్నావళి ఈ రంగంలో విస్తృతంగా వాడుకలో ఉంది. బడులు, సేవాసంస్థలు, వైద్యశాలల్లో పనిచేసే 760 మంది సిబ్బందితో దాన్ని పరీక్షించారు. పరస్పరం ఎదురుగా ఉండే రెండు వాక్యాలను ఇచ్చి, వాటి మధ్య ఏడు మెట్లలో తన అభిప్రాయం ఎక్కడ ఉందో గుర్తించమని అది అడుగుతుంది. పిల్లవాడి దురుసుతనం అతడు కావాలని ఎంచుకున్నదా, అతడికి జరిగినదాని ఫలితమా. అలాంటి పిల్లల విషయంలో కచ్చితమైన శిక్ష పనిచేస్తుందా, వెసులుబాటుతో కూడిన అనుబంధం పనిచేస్తుందా. ఈ పని తనవల్ల అవుతుందన్న ధీమా ఉపాధ్యాయుడికి ఉందా, పై అధికారుల మద్దతు ఉందా అన్నవి అందులో తేలే విషయాలు. ఒక కొలమానం మళ్లీ మళ్లీ వాడినా నిలకడైన ఫలితమే ఇవ్వడాన్ని విశ్వసనీయత అనీ, కొలవదలచినదాన్నే కొలవడాన్ని సప్రమాణత అనీ అంటారు. ఆర్టిక్ రూపకర్తలు ఈ రెండింటి మీదా శ్రద్ధ పెట్టి పనిచేశారు.

ఇది మెచ్చదగిన సాధనమే అయినా, అది కొలిచేది ఉపాధ్యాయుడి ఆలోచనను మాత్రమే. ఒక రోజు శిక్షణ పూర్తికాగానే ఇచ్చిన ప్రశ్నావళిలో సరైన జవాబు ఏదో పాల్గొన్నవారికి అప్పటికే తెలిసి ఉంటుంది. నలభై మంది ఉన్న తరగతిలో మధ్యాహ్నం వేళ సహనం నశించినప్పుడు ఆ ఉపాధ్యాయుడు ఎలా మాట్లాడతాడో తెలుసుకోవాలంటే తరగతిలో కూర్చుని గమనించాలి, పిల్లలను అడగాలి. అది ఖర్చుతోనూ ఓపికతోనూ కూడిన పని కాబట్టి చాలాచోట్ల దాన్ని వదిలేసి, ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న సంఖ్యనే ఫలితంగా చూపించే అలవాటు పెరిగింది. ఎంతమందికి శిక్షణ అందిందో చెప్పే అంకె నిధులు ఎలా ఖర్చయ్యాయో చెబుతుందే గాని, అంతకు మించి ఏమీ చెప్పదు.

రెండో తోవ శిక్షల లెక్క. వాషింగ్టన్ రాష్ట్రంలో వాలా వాలా అనే పట్టణంలోని లింకన్ హైస్కూల్ ఈ విషయంలో దేశమంతటికీ తెలిసింది. మిగతా బడుల్లో ఇమడలేని పిల్లలు చేరే ఆ బడికి ప్రిన్సిపాల్‌గా ఉన్న జిమ్ స్పోర్లెడర్, 2010లో శిక్ష వేసే ముందు పిల్లవాడితో నెమ్మదిగా మాట్లాడి అతడికి ఏమైందో తెలుసుకునే పద్ధతి ప్రవేశపెట్టారు. 2009-10 విద్యాసంవత్సరంలో విద్యార్థులు సస్పెన్షన్ వల్ల బడికి దూరమైన రోజులు మొత్తం 798 కాగా, మరుసటి ఏడాది అవి 135కు తగ్గాయి. ఈ బడి కథతో 2015లో పేపర్ టైగర్స్ అనే డాక్యుమెంటరీ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపిన హార్ట్స్ కార్యక్రమం గురించి 2016లో ప్రచురితమైన వ్యాసం కూడా ఇలాంటి ఫలితాన్నే తెలిపింది. ఆ కార్యక్రమం ఐదేళ్లు నడిచిన ఒక ప్రాథమిక పాఠశాలలో క్రమశిక్షణ ఉల్లంఘనల నమోదు 87 శాతం తగ్గింది.

ఈ అంకెలను తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. సస్పెండ్ అయిన పిల్లవాడు గాయపడిన ఇంటికే తిరిగి వెళ్తాడు. అతడిని తరగతిలో నిలుపుకోవడమే ఒక రక్షణ. అయినా వాటి పరిమితులను దాచకుండా చెప్పడం అవసరం. ఈ రెండుచోట్లా అదే కాలంలో ఈ పద్ధతి లేకుండా నడిచిన మరో బడితో పోల్చి చూడలేదు కాబట్టి, తగ్గుదలలో ఎంత భాగం ఈ పద్ధతి వల్ల, ఎంత భాగం మంచి నాయకత్వం వల్ల, ఎంత భాగం విద్యార్థులు మారడం వల్ల వచ్చిందో విడదీయడం కుదరదు. హార్ట్స్ విషయంలో ఉపాధ్యాయుల జ్ఞానం పెరిగిందన్న నిర్ధారణ కూడా, ఇప్పుడు ఎలా ఉంది, అంతకు ముందు ఎలా ఉండేది అని ఒకేసారి అడిగి రాబట్టిన జవాబుల మీద ఆధారపడింది. గతాన్ని తలచుకొని మార్కులు వేసేటప్పుడు మారామన్న భావనే ఆ మార్కులను పెంచవచ్చు. పైగా శిక్షలు తగ్గించాలన్న ఒత్తిడి పెరిగితే కొట్లాటలు తగ్గకపోయినా వాటిని రాసుకోవడం తగ్గే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది. అన్నిటికీ మించి, బల్ల మీద తల వాల్చిన ఆ నిశ్శబ్ద విద్యార్థి బాధ తగ్గిందో లేదో శిక్షల లెక్క ఎన్నటికీ చెప్పలేదు.

అలాంటి పిల్లల దగ్గరికి చేరగలిగిన పరిశోధన లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. బ్రాడ్లీ స్టైన్, లీసా జేకాక్స్, షెరిల్ కటావోకా తదితరులు లాస్ ఏంజెలెస్ పాఠశాలల యంత్రాంగంతో కలిసి సీబిట్స్ అనే పద్ధతిని రూపొందించారు. హింసను చూసి లేదా అనుభవించి, దాని తాలూకు పీడకలలు, ఉలికిపాటు, ఆ జ్ఞాపకాలను తప్పించుకోవాలన్న ఆరాటం వంటి లక్షణాలతో బాధపడుతున్న పిల్లలను ముందు ప్రశ్నావళి ద్వారా గుర్తించి, చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, మానసిక ఆరోగ్య నిపుణులు పది విడతల్లో వారితో పనిచేస్తారు. శరీరాన్ని ఎలా శాంతపరచుకోవాలో, భయాన్ని పెంచే ఆలోచనను ఎలా ప్రశ్నించుకోవాలో, జరిగినదాన్ని కొద్దికొద్దిగా మాటల్లో ఎలా పెట్టాలో ఆ బృందంలో నేర్పుతారు. 2001-02 విద్యాసంవత్సరంలో ఆరో తరగతి చదువుతున్న 126 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడగొట్టి, ఒక బృందానికి వెంటనే, మరో బృందానికి కొన్ని నెలల తరువాత ఈ చికిత్స అందించారు. ఏ బృందంలో ఎవరు చేరాలో పరిశోధకుల ఇష్టానికి వదలకుండా లాటరీకి వదిలేయడం వల్ల, రెండు బృందాల మధ్య తరువాత కనిపించే తేడాను చికిత్సకే ఆపాదించే వీలు కలుగుతుంది.

2003లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రచురితమైన ఫలితాలు మూల్యాంకనం గురించి ఒక విలువైన సంగతి చెబుతాయి. మూడు నెలల తరువాత చికిత్స పొందిన పిల్లల్లో గాయం తాలూకు లక్షణాలూ, డిప్రెషన్ లక్షణాలూ రెండో బృందం కంటే స్పష్టంగా తగ్గినట్టు పిల్లల జవాబుల్లో కనిపించింది. తమ బిడ్డలు మెరుగయ్యారని తల్లిదండ్రులు కూడా చెప్పారు. ఉపాధ్యాయులు ఇచ్చిన నివేదికల్లో మాత్రం రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే కేవలం ఉపాధ్యాయుల అంచనా మీద ఆధారపడి ఉంటే, ఒక మంచి చికిత్స ఎందుకూ కొరగాదన్న తీర్పు వెలువడి ఉండేది. పిల్లవాడి లోపలి బాధకు తొలి సాక్షి పిల్లవాడే అన్న సంగతి ఇంత స్పష్టంగా చూపిన అధ్యయనాలు అరుదు.

బడి ఎందుకు ముఖ్యమో న్యూ ఆర్లీన్స్ అనుభవం మరింత బాగా చెబుతుంది. 2005లో కత్రినా తుపాను ఆ నగరాన్ని ముంచెత్తిన పదిహేను నెలలకు, గాయం తాలూకు లక్షణాలున్న 118 మంది పిల్లల్లో కొందరికి బడిలోనే సీబిట్స్‌ను, మరికొందరికి క్లినిక్‌లో విడివిడిగా మరో చికిత్సను కేటాయించారు. రెండు పద్ధతులూ పిల్లల లక్షణాలను తగ్గించాయి. అయితే బడిలో చికిత్సకు కేటాయించిన పిల్లల్లో 98 శాతం మంది చికిత్స మొదలుపెట్టగా, క్లినిక్‌కు కేటాయించినవారిలో 37 శాతం మందే మొదలుపెట్టారు. ఎంత గొప్ప చికిత్స అయినా పిల్లల దగ్గరికి చేరకపోతే ప్రయోజనం సున్నా కాబట్టి, చేరిన పిల్లల శాతం కూడా మూల్యాంకనంలో తప్పక ఉండవలసిన అంకె.

చిన్న బృందాలకు ఇచ్చే చికిత్సకు ఇలాంటి ఆధారం ఉండగా, బడి మొత్తాన్ని మార్చే విశాల పద్ధతికి అలాంటి ఆధారం ఎంత ఉందో తేల్చడానికి బ్రాండీ మేనార్డ్ ఆధ్వర్యంలోని పరిశోధకులు ప్రపంచవ్యాప్త అధ్యయనాలను జల్లెడ పట్టారు. సిబ్బంది శిక్షణ, గాయంపై దృష్టి పెట్టిన సేవలు, సంస్థ వాతావరణంలోనూ ఆచరణలోనూ మార్పులు అనే మూడింటిలో కనీసం రెండు అమలుచేసి, పోలిక బృందంతో ఫలితాలను సరిచూసిన అధ్యయనాలనే వారు లెక్కలోకి తీసుకోదలచారు. 2019లో కాంప్‌బెల్ కొలాబరేషన్ ప్రచురించిన ఆ సమీక్షలో, ఈ షరతులకు సరిపోయిన అధ్యయనం ఒక్కటి కూడా దొరకలేదని ప్రకటించారు. అప్పటికే చట్టాలు వచ్చాయి, శిక్షణలు జరిగాయి, పుస్తకాలు అచ్చయ్యాయి. ఈ సున్నాను చూసి మొత్తం ప్రయత్నమే వృథా అనుకోవడం పొరపాటు; ఆధారం లేదన్న మాటకు, పనిచేయదని రుజువైందన్న మాటకు చాలా తేడా ఉంది. అయినా ఉత్సాహం ఆధారం కంటే చాలా ముందుకు పరుగెత్తిందన్నది కాదనలేని నిజం.

సదుద్దేశం ఉంటే చాలు, కొలవనవసరం లేదనుకోవడం ఎంత ప్రమాదమో బ్రిటన్‌లో మరో సందర్భంలో తెలిసివచ్చింది. పిల్లల మానసిక ఆరోగ్యం కోసం తరగతిలో అందరికీ ధ్యానపద్ధతులు నేర్పే కార్యక్రమాన్ని 85 బడుల్లో, ఎనిమిది వేలకు పైగా విద్యార్థులతో పరీక్షించిన మిరియాడ్ అధ్యయనం, 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, మామూలు బోధన కంటే అది మెరుగు కాదని తేల్చింది. ఎంతోమంది మనసారా నమ్మిన పద్ధతికి ఇలాంటి ఫలితం రావడం బాధాకరమే అయినా, ఆ డబ్బునూ సమయాన్నీ పిల్లలకు పనికివచ్చే చోటికి మళ్లించాలంటే అలాంటి నిజాయితీ తప్పదు.

కొలిచే తొందరలో పిల్లలకు హాని జరగకుండా చూసుకోవడం మరో బాధ్యత. ఫెలిట్టి, ఆండాల అధ్యయనం ప్రసిద్ధి పొందాక, దానిలోని ప్రశ్నలను విడివిడిగా మనుషులకు వేసి, వచ్చిన స్కోరును బట్టి ముప్పు అంచనా వేసే ధోరణి మొదలైంది. ఆ స్కోరు జనసమూహాల్లో సమస్య తీవ్రతను అంచనా వేయడానికి ఉద్దేశించినదే తప్ప, ఒక వ్యక్తి భవిష్యత్తును నిర్ణయించడానికి కాదని 2020లో ఆండాయే, మరి ఇద్దరు సహరచయితలతో కలిసి, హెచ్చరించవలసి వచ్చింది. ఒకే రకమైన దెబ్బ తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి అమ్మమ్మ ఆదరణ ఉండవచ్చు, మరొకరికి ఎవరూ ఉండకపోవచ్చు. దెబ్బ ఎంతకాలం సాగింది, ఎంత తీవ్రంగా తగిలింది అన్నది కూడా ఆ స్కోరులో ఉండదు. ఫలానా విద్యార్థి స్కోరు ఇంత అని స్టాఫ్ రూమ్‌లో చర్చ మొదలైతే, సాయం కోసం పెట్టిన కొలత ఆ పిల్లవాడి మీద వేసిన ముద్రగా మిగులుతుంది. అందువల్ల జరిగిన సంఘటనల చిట్టా అడగడం కంటే, ఇప్పుడు నిద్ర పడుతోందా, బడిలో భయం లేకుండా ఉండగలుగుతున్నావా, కష్టం చెప్పుకోవడానికి ఇక్కడ ఒక్క పెద్దమనిషైనా ఉన్నారా అని అడగడం మేలు. జవాబు చెప్పిన బిడ్డకు సాయం అందించే ఏర్పాటు లేనప్పుడు ఆ ప్రశ్నలైనా అడగకూడదు.

మంచి మూల్యాంకనానికి ఏమేం కావాలో ఈ అనుభవాలన్నిటి నుంచీ గ్రహించవచ్చు. మార్పు మొదలుకాక ముందే తొలి కొలత తీసుకోవాలి, పోల్చడానికి మరికొన్ని బడులు ఉండాలి, ఉపాధ్యాయుల వైఖరితో పాటు తరగతి గదిలోని ఆచరణను చూడాలి, శిక్షల లెక్కను బాలబాలికలవారీగా, వర్గాలవారీగా విడదీసి చూడాలి, హాజరును గమనించాలి, పేరు బయటపడని పద్ధతిలో పిల్లల మాట వినాలి. ఇతరుల బాధను నిత్యం మోసే ఉపాధ్యాయులు తామే కుంగిపోయే అవకాశం ఉంది కాబట్టి వారి అలసటను కూడా అడిగి తెలుసుకోవాలి. ఈ జాబితాలో ఏ ఒక్కటి ఎంచుకోవలసి వచ్చినా, పిల్లల మాటను ఎంచుకోవడమే సరైనది.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరమైనది కాదు. అనాథలకు, బడి మానేసిన బాలికలకు ప్రాధాన్యమిచ్చే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలూ, సంక్షేమ గురుకులాలూ ఇంటికి దూరంగా ఎంతోమంది పిల్లలను సాకుతున్నాయి. అక్కడ బడే ఇల్లు కాబట్టి, మానుతున్న గాయాన్ని బడి మళ్లీ రేపితే పిల్లలకు తలదాచుకునే చోటు ఉండదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. మార్కులు తగ్గినందుకు తరగతి ముందు నిలబెట్టి అవమానించడం మానసిక వేధింపే. ఇక్కడ పిల్లలను ప్రశ్నించే ఎవరైనా గుర్తుంచుకోవలసిన మరో చట్టం పోక్సో. లైంగిక నేరం జరిగినట్టు తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి ఆ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ప్రశ్నావళి పంచకముందే శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను, బాలల సంక్షేమ కమిటీతో సంబంధాన్ని, బిడ్డ రక్షణకు తగిన ఏర్పాటును బడి సిద్ధం చేసుకోవాలి.

అమెరికా ప్రశ్నావళులను అనువదించి పంచితే సరిపోతుందనుకోవడం తప్పు. ఇక్కడి పిల్లలు బాధను ఏ మాటల్లో చెబుతారో, కడుపునొప్పిగానో తలనొప్పిగానో ఎలా వ్యక్తం చేస్తారో ముందు తెలుసుకొని, ఇక్కడే పరీక్షించిన కొలమానాలు కావాలి. అవి తయారయ్యేదాకా చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. విద్యాహక్కు చట్టం కింద ప్రభుత్వ బడుల్లో ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, బడి పనితీరును గమనించే అధికారం ఆ కమిటీకి ఉంది. ఈ ఏడాది ఎందరు పిల్లలు చెప్పకుండా బడి మానేశారు, ఎందరిని ఇంటికి పంపారు, కష్టం వస్తే ఎవరితో చెప్పుకోవాలో ఎందరు పిల్లలకు తెలుసు అన్న మూడు ప్రశ్నలను తదుపరి సమావేశంలో అడగవలసిందిగా ఆ కమిటీల్లోని తల్లిదండ్రులకు మనవి.